మూడు అక్షరాల దాకా ఉచితం

హైదోక్ వెండెల్ చచ్చిపోయిన మూడేళ్లకి విమానం టికెట్టు కొనుక్కున్నాడు.

బతికున్న రోజుల్లో ఆయన దగ్గరి పట్నం సోల్నోక్ దాటి వెళ్లింది లేదు. అదైనా పన్ను పీకించుకోవడానికి. నడకంటే మరీ గిట్టదు. వీధి గేటు దగ్గర డబ్బాలోంచి ఉత్తరాలు తెచ్చుకోవడానికి కూడా సైకిలు తీసేవాడు. అలాంటి మనిషి పేరున సెప్టెంబరు నాలుగో తారీకు పొద్దున బుడాపెష్ట్ నుంచి ఫ్రెంచి దేశంలోని బోర్దోకి కిటికీ పక్క సీటు, అక్కణ్ణించి బయోన్‌కి రైలు, బయోన్ నుంచి కొండల్లోకి చిన్న రైలు, ఆ పట్టాలు ఆగిపోయే సేన్‌జాన్ అనే ఊళ్లో యాత్రికుల సత్రంలో కింది మంచం. మర్నాటి నుంచి యాకోబు పునీతుడి సమాధి దాకా ఎనిమిది వందల కిలోమీటర్లు కాలినడక.

ఈ ఏర్పాటంతా చేసింది ఆయన భార్య ఎతెల్కా. తన కోసమే చేసుకున్నాననుకుంది పాపం.

ఎతెల్కాకి డెబ్భై ఒక్కేళ్లు. కిషారోక్ స్టేషన్లో ఎర్ర టోపీ పెట్టుకుని ముప్పై నాలుగేళ్లు బళ్లని సాగనంపింది. ఎక్కింది తక్కువ. ఈ నవంబరులో మోకాలికి కోత పెడతానని డాక్టరు చెప్పాడు, ఆ తర్వాత కొండలెక్కే ఊసు ఎత్తొద్దన్నాడు. కాబట్టి ఆమెకి ఉన్నది ఈ ఒక్క సెప్టెంబరే.

జూన్‌లోనే గళ్ల కాగితాలు నాలుగు అతికించి వంటింటి బల్ల మీద పరిచింది. స్టేషన్లో బళ్ల రాకపోకలకి గీసేవాళ్లే, అలాంటి పటం. పైన గంటలు, పక్కన ఊళ్లు, మధ్యలో ఏటవాలు గీతలు. వంటింటి గుమ్మం దాటడం 3:05. బయోన్‌లో రైలు మారడానికి పదకొండు నిమిషాలు. ఉప్పు రొట్టెలు తినడం 11:20 నుంచి 11:28 దాకా.

"ఒంటేలుకి గీత గియ్యలేదేం వదినా?" అంది లెంకే.

"పచ్చ గీత చూడు. విమానంలో."

లెంకే వెండెల్‌కి చెల్లెలు, పక్క వీధిలో ఉంటుంది. గురువారం గురువారం గసగసాల రొట్టె చుట్ట చేసి పట్టుకొస్తుంది, దాంట్లో సగం తనే తిని వెళ్తుంది.

"భాష రాదు కదా, అక్కడ ఎలా నెట్టుకొస్తావు?"

"రాకపోవడమేం. మా రోజుల్లో దేశాలు దాటే బళ్ల కాగితాలన్నీ ఫ్రెంచిలోనే వచ్చేవి. ముప్పై మాటలు వచ్చు నాకు. ఆలస్యం, రద్దు, బదులు బండి, ఇరుసు వేడెక్కింది."

"నయం. మోకాలు పట్టేస్తే ఇరుసు వేడెక్కిందని చెప్పు, నూనె పోస్తారు."

ఆగస్టు నడిమధ్యలో ఓ గురువారం లెంకే కళ్లజోడు పెట్టుకుని, అచ్చు వేయించి తెచ్చిన టికెట్టుని అటూ ఇటూ తిప్పింది. నోట్లో రొట్టె అలాగే ఉంది.

"వదినా, అన్నయ్య ఎక్కడికెళ్తున్నాడు?"

ఎతెల్కా వచ్చి చూసింది. మిస్టర్ వెండెల్ హైదోక్. మూడు వారాలుగా ఆ కాగితం రేడియో మీదే ఉంది. రోజూ తుడిచి పెడుతోంది. ఒక్కసారీ ఏ తేడా కనిపించలేదు.

కనిపించకపోవడానికి కారణం ఉంది. ఆమె తరం వాళ్లకి పెళ్లిరోజు సంతకంతో సొంత పేరు కాగితాల మీంచి వెళ్లిపోయేది. మొగుడి పేరు పెట్టి, చివర 'నే' అని చిన్న తోక తగిలించేవారు. హైదోక్ వెండెల్‌నే, అంటే హైదోక్ వెండెల్ గారి ఆవిడ. నలభై తొమ్మిదేళ్లుగా కరెంటు బిల్లు నుంచి పింఛను చీటీ దాకా ఆమెకి వచ్చినవన్నీ ఆ పేరునే వచ్చాయి. ఎతెల్కా అన్న మాట నోటితో పిలవడానికే తప్ప ఎక్కడా రాసి లేదు.

విమానం వాళ్ల ఫారంలో కూడా బుద్ధిగా పాస్‌పోర్టు చూసి ఇంగ్లీషు అక్షరాల్లో వెండెల్‌నే అనే కొట్టింది. చివరి అక్షరం మీద ఉన్న చిన్న గీత చెల్లదని యంత్రం అంది. ఎతెల్కా ఆ అక్షరం తీసేసింది. మిగిలిన 'న్' ఒక్కటీ వేలాడుతూ అసహ్యంగా కనిపిస్తే దాన్నీ తీసేసింది. మిస్టర్ అన్న మాట పక్క గడిలో ముందే కూర్చుని ఉంది, దాని జోలికి పోలేదు. అప్పుడు యంత్రం సంతోషించి, మిగతా ఫారాలు కూడా తనే నింపుకుంటూ పోయింది. ఆనాటి నుంచీ ఉత్తరాలు. ప్రియమైన వెండెల్, బూట్లు అలవాటు చేసుకుంటున్నారా? ప్రియమైన వెండెల్, మీ సంచి బరువైతే మోసిపెడతాం. సత్రం ఆవిడైతే మగవాళ్ల గదిలో మంచి మంచం ఇచ్చానని రాసింది.

"పోనీలే, బతికినన్నాళ్లూ కదల్లేదు," అంది లెంకే. "ఇప్పుడైనా గాలి తగుల్తుంది."

ఎతెల్కా నవ్వలేదు. "ఎలాగూ మార్చాల్సిందే కదా. నా పేరే రాయిస్తాను. ఎతెల్కా అని."

లెంకే రొట్టె కింద పెట్టింది. "ఇల్లు ఖాళీ చేశాడు, మంచం ఖాళీ చేశాడు. ఇప్పుడు నీ పేర్లోంచి కూడా దింపేస్తావా మా అన్నయ్యని?"

"దింపడం కాదే. ఆయన నడవడు. నడిచేది నేను. నడిచేవాళ్ల పేరు ఉండొద్దూ?"

మర్నాడు పురపాలక కచేరీకి లెంకే కూడా తోడు వెళ్లింది. అక్కడి గుమాస్తా మంచివాడు. పేరు మార్చుకోవడం చాలా తేలికన్నాడు. కొత్త పాస్‌పోర్టు రావడానికి మాత్రం ఆరు వారాలన్నాడు. ప్రయాణానికి ఉన్నది పంతొమ్మిది రోజులు.

ఇంటికొచ్చి విమానం వాళ్లకి ఫోను చేశారు. నలభై నిమిషాలు వాయిద్యాలు విన్నాక బోటండ్ అనే అబ్బాయి పలికాడు.

"టికెట్టు ఎవరి పేరునుందో వాళ్లే మాట్లాడాలి పిన్నిగారూ. వెండెల్ గారిని ఒకసారి పిలుస్తారా?"

"ఆయన శ్మశానంలో ఉన్నాడు బాబూ."

"ఎన్నింటికి వస్తారు?"

రాకపోకల సంగతి అడిగితే ఎతెల్కా తేలిగ్గా జవాబు చెప్పే మనిషి కాదు. కాస్త ఆలోచించింది. "ఆయన రాడు. మేమే వెళ్తాం, నవంబరు ఒకటిన, పోయినవాళ్ల పండక్కి, పూలు పట్టుకుని."

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. "క్షమించండి. చనిపోయిన ప్రయాణికులకి వేరే ఫారం ఉంది. టికెట్టు రద్దు చేసేస్తాం."

"రద్దు చెయ్యకు నాయనా. పోయింది ఆయన. వెళ్లేది నేను."

బోటండ్ ఎవరినో అడిగొచ్చాడు. పేరు మార్చడం కుదరదట, తప్పు దిద్దడం కుదురుతుందట. మూడు అక్షరాల దాకా ఉచితం. నాలుగో అక్షరం నుంచి వేరే మనిషి కింద లెక్క.

లెంకే పెన్సిలు తీసి, అన్న పేరూ వదిన పేరూ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి రాసింది. రెండింట్లోనూ ఆరేసి. పైదీ కిందదీ ఒక్కొక్కటీ సరిచూసింది.

"ఆరుకి ఆరూ వేరే," అంది. "అంతకాలం కాపురం చేసి ఒక్కక్షరం కలవలేదా మీకు?"

"పాస్‌పోర్టులో ఎలా ఉంది పిన్నిగారూ?" అన్నాడు ఫోనులో బోటండ్.

"వెండెల్‌నే."

"అయితే చివర ఎన్ను, ఈ. రెండే. ఇంకా?"

"మిస్టర్ అని ఉందిగా బాబూ."

"అవును కదూ." వేళ్లతో లెక్కపెట్టుకుంటున్నట్టు ఆగాడు. "మిస్టర్‌కి ఎమ్ము, ఆర్. మిసెస్ చెయ్యాలంటే ఒక్క ఎస్సు చాలు. రెండూ ఒకటీ మూడు. సరిపోయింది పిన్నిగారూ."

ఫోను పెట్టేశాక లెంకే మిగిలిన రొట్టె ముక్క అందుకుంది. "చూశావా, అన్నయ్య కాస్త పక్కకి జరిగి నీకు చోటిచ్చాడు."

"ఇచ్చాడు," అంది ఎతెల్కా. పటం మీద టికెట్టు పెట్టి అంచులు సరిచేసింది. విమానం ఎక్కుతుంది. కానీ ఇంకోసారి కూడా వెండెల్ గారి ఆవిడగానే.

నాలుగో తారీకున వంటింటి గుమ్మం 3:05కే దాటింది. విమానం, పెద్ద రైలు గీత మీద గీతలా నడిచాయి. రొట్టెలు 11:20కి తింది. బయోన్‌లోనే తేడా వచ్చింది. ఆ పదకొండు నిమిషాలు నలభై ఏళ్ల కాళ్లకి వేసిన లెక్క. మెట్లు దిగి ఎక్కేసరికి చిన్న రైలు తలుపులు మూస్తున్నారు. ఎతెల్కా పరుగెత్తలేదు. ప్లాట్‌ఫారం అంచున నిలబడి, రెండు చేతులూ తల మీద ఎత్తి బండి ఆపే సైగ చేసింది. డ్రైవరు ఆపేశాడు. ఎందుకు ఆపాడో ఆమె ఎక్కి కూర్చునేదాకా అతనికీ తెలిసినట్టు లేదు.

సేన్‌జాన్ సత్రంలో బల్ల వెనక ఓ పొట్టి ఆవిడ పెద్ద పుస్తకం తెరుచుకుని కూర్చుంది. టికెట్టు దిద్దించారు కానీ, సత్రం పుస్తకం సంగతి అందరూ మర్చిపోయారు. ఆవిడ వేలితో వరస వెతికి, ఎతెల్కా భుజం మీంచి వాకిలి వైపు చూసింది.

"మస్యూ వెండెల్?" అంది, వెండెల్ గారేరీ అన్నట్టు.

ఎతెల్కాకి చెప్పాల్సింది చాలా ఉంది. యంత్రం సంగతి, తోక సంగతి, మూడు అక్షరాల సంగతి. ఉన్నవి ముప్పై మాటలు. అందులో కొన్ని ఇరుసులకి సంబంధించినవి. బల్ల మీద యంత్రం లేదు. గడులు లేవు. ఓ కలం మాత్రం ఉంది. నిటారుగా నిలబడి, స్టేషన్ గొంతుతో, ఒక్కో మాటా విడదీసి ఫ్రెంచిలో చెప్పింది:

"వెండెల్ రద్దు. బదులు, ఎతెల్కా. ఆలస్యం, నలభై తొమ్మిదేళ్లు."

సత్రం ఆవిడ ఆమె వంకా, వేలికున్న పెళ్లి ఉంగరం వంకా చూసింది. పుస్తకంలో పేరు కొట్టేసి, కలం గాల్లో ఆపి, ఆ రెండో పేరు మళ్లీ చెప్పమన్నట్టు తలెత్తింది.

ఎతెల్కా ఒక్కో అక్షరం చెప్తుంటే ఆవిడ నెమ్మదిగా రాసుకుంది.