ట్రాక్టరెక్కి నెమళ్ల కుంటకు

మా అత్తయ్య కాకినాడ నుంచి మా దగ్గరకు వచ్చినప్పుడు, ఆవిడకి ఊరు చూపిద్దామని ఒక ఆదివారం జూకి తీసుకెళ్లాం. తొంభైల చివర్లో సంగతి. అప్పుడు మేం చందానగర్‌లో అద్దెకుండేవాళ్లం. మావారు మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద అద్దాల భవనంలో కంప్యూటర్ ఉద్యోగి. నేను లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తాని. ఇద్దరికీ కలిసొచ్చేది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్క రోజూ బస్సుల్లో, టిక్కెట్ల వరసలో, బోనుల ముందు జనం వీపుల వెనక గడిచిపోయింది. మా బాబుని భుజాల మీద ఎక్కించుకున్నా వాడికి పులి తోక మాత్రమే కనిపించింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అత్తయ్య, "జంతువుల్ని చూపిస్తానని జనాన్ని చూపించి తీసుకొచ్చావురా అబ్బాయ్" అంది.

మావారు నవ్వేశారు. నేను వంటింట్లో అన్నం వార్చుకుంటుంటే ఆవిడ నా పక్కకొచ్చి పీట వాల్చుకుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఎడ్లబండిలో రంపచోడవరం అడవి దాకా తీసుకెళ్లాడట. దారి పక్కన నెమలి పురి విప్పితే ఎడ్లు కూడా ఆగిపోయాయట. "మళ్లీ చూశారా?" అన్నాను. "పెళ్లయ్యాక నన్ను అడవికి ఎవరు తీసుకెళ్తారే" అంది మామూలుగా. అరవై దాటిన మనిషి. ఆ మాట నాలో ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ ఈ సంగతి మా ఇంటి ఓనరమ్మకి చెప్పాను. ఆవిడ కింద వాటాలో ఉండేది. నేను ఆవిడని అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది.

"నెమళ్ల కోసం పరేషాన్ ఎందుకు చెల్లె? మా తల్లిగారిది గోపన్‌పల్లి. ఊరెన్కకు పోతే అన్ని గుట్టలే. గుట్టల నడుమ కుంట ఉంటది. పొద్దుగాల పోతే నెమళ్లు నీళ్లకొస్తయి. మనిషన్నోడు కానరాడు."

నేను బట్టలు అక్కడే వదిలేసి అత్తయ్యకి చెప్పడానికి కిందికి పరుగెత్తాను.

ఆ వారమంతా మా ఇంట్లో ఇదే మాట. రోజూ అన్నాలయ్యాక అందరం డాబా మీద చేరేవాళ్లం. మా పాప తాడు కావాలంది. తాడెందుకే అంటే, "కొండలెక్కేవాళ్ల దగ్గర ఉంటుందమ్మా" అంది. బావిచేద తాడు విప్పి సంచిలో పెట్టుకుంది. బాబు టార్చిలైటు పుచ్చుకుని పట్టపగలే మంచాల కింద వెతికేవాడు. నేను అత్తయ్యకి బజార్లో గుడ్డ బూట్లు కొనుక్కొచ్చాను. ఆవిడ జన్మలో బూట్లు తొడగలేదు. తొడుక్కుని గోడ పట్టుకుని హాల్లో నాలుగు చుట్లు తిరిగి, "మెత్తగా ఉన్నాయే, పిల్లి నడిచినట్టుంది" అంది. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే బూట్లు వేసుకుని డాబా మెట్లు ఎక్కి దిగడం మొదలెట్టింది.

మావారికే అనుమానాలు. "పాములుంటాయేమో?" అని అడిగారు.

"ఉంటయి సార్. కట్టెతోని సప్పుడు జేసుకుంట పోతే అవే పక్కకు పోతయి. జర బూట్లేసుకోండ్రి, ఫికర్ జేయకుండ్రి" అంది అక్క.

"మరి వెళ్లడం ఎలా? స్కూటర్ మీద ఇంతమందిమి పట్టం కదా."

"మా తమ్ముడు రోజు లింగంపల్లి మార్కెట్టుకు కూరగాయలు తెస్తడు. పోయేటప్పుడు ట్రాలీ ఖాళీనే."

"ట్రాక్టరా? దారిలో మా ఆఫీసువాళ్లు ఎవరైనా చూస్తే?"

"చూస్తే వాళ్లనీ ఎక్కించుకుందాంలేరా" అంది అత్తయ్య.

ఆదివారం తెల్లారకముందే పులిహోర కలిపేశాను. లింగంపల్లిలో ట్రాలీ ఎక్కాం. కొత్తిమీర వాసన ఇంకా పోలేదు. అక్క వేసిన గోనెసంచుల మీద కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా ఒకరి మీద ఒకరు పడుతూ వెళ్లాం. రోడ్డుకి రెండు వైపులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు. రోజూ బస్సులోంచి చూసేలాంటి రాళ్లే. ఆ ఉదయం మాత్రం మాకోసమే పెట్టినట్టు కనిపించాయి. మావారు మొదట కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గోపన్‌పల్లి మలుపు వచ్చేసరికి ట్రాలీ అంచు పట్టుకుని నిలబడి, గాలికి జుట్టు రేగిపోతుంటే పిల్లలకంటే గట్టిగా ఈల వేస్తున్నారు.

ఊరు దాటాక అక్క కర్రతో నేల తడుతూ ముందు నడిచింది. సీతాఫలం చెట్ల మధ్య నుంచి సన్నటి దారి. అత్తయ్య నా చెయ్యి వదిలించుకుని అక్క వెనకే నడిచింది. గుట్ట సగం ఎక్కాక పెద్ద బండ అడ్డమొచ్చింది. పాప గర్వంగా తాడు తీసింది. మావారు ముందు ఎక్కి తాడు కిందికి వదిలితే, అత్తయ్య దాన్ని చేతికి చుట్టుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, మేం కింది నుంచి పట్టుకునేలోపే పైకి చేరింది.

పైనుంచి చూస్తే కుంట కనిపించింది. వానాకాలం చివర కదా, నిండుగా ఉంది. అక్క వేలు పెదాల మీద పెట్టుకుని, "ఇగ సప్పుడు చేయకుండ్రి" అని గుసగుసగా చెప్పింది. అందరం బండ మీద బోర్లా పడుకున్నాం. బాబు నిద్రలో కూడా మాట్లాడే రకం. వాడు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ రాలేదు. మావారు నా వైపు చూశారు. నేనూ ఇంక రావేమో అనుకుంటున్నాను.

అప్పుడు తుప్పల్లోంచి ఒక ఆడనెమలి వచ్చింది. దాని వెనక బుడిబుడి అడుగులతో పిల్లలు. నీళ్ల దగ్గరకొచ్చి తల ఎత్తి చూసింది, మళ్లీ వంచి తాగింది. ఆ తర్వాత ఆవలి ఒడ్డు బండ మీదికి మగనెమలి ఎగిరి దిగింది. తోక ఈకలు చాలా రాలిపోయి ఉన్నాయి. పురి విప్పలేదు. మెడ మీద ఎండ పడి నీలంగా మెరిసింది, అంతే. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. మొహం చూస్తే చిన్నపిల్ల నవ్వు.

ఎటునుంచో మబ్బు కమ్మింది. చినుకులు పడగానే నెమళ్లు తుప్పల్లోకి పోయాయి. రెండు బండలు ఆనుకున్న చోట గుహలాంటి సందులో దూరి, వాన చూస్తూ పులిహోర తిన్నాం. బాబు టార్చి వేసి గబ్బిలాల కోసం వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. దిగేటప్పుడు బండ తడిసి జారుతోంది. ఎలారా దేవుడా అనుకుంటుంటే, అత్తయ్య దాని మీద చతికిలబడి సర్రున జారి కిందికి పోయింది. కింది నుంచి ఆవిడ నవ్వు వినిపించింది. చీర వెనక చిరిగింది. "పాతదేలే, మీరూ రండి" అంది. ఒకరి తర్వాత ఒకరం అలాగే దిగాం. మావారు రెండుసార్లు దిగారు.

సాయంత్రం ఇంటికొచ్చి, ఒళ్లంతా బురదతో గుమ్మంలోనే కూర్చుని టీలు తాగుతుంటే మావారు అక్కని అడిగారు, "జనం రాని చోట్లు ఇలాంటివి ఇంకేమున్నాయండి?"

"వికారాబాద్ దిక్కు అనంతగిరి ఉన్నది. అసలైన అడివి. లింగంపల్లిల రైలెక్కితే అయిపాయె. మా అక్కను గక్కడికే ఇచ్చిండ్రు" అంది.

అత్తయ్య ఆ వచ్చే గురువారమే కాకినాడ వెళ్లాలి. టిక్కెట్టు కూడా తీసిపెట్టాం. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, బూట్ల బురద పుల్లతో గీకుతూ, తలెత్తకుండానే అంది.

"అబ్బాయ్, ఆ టిక్కెట్టు రద్దు చేయించు. అనంతగిరికి ఎప్పుడు పోదాం?"