సదానందం తిప్పిన బకెట్టు

నిండు బకెట్టు కనబడితే చాలు, సదానందం దాన్ని తల మీదుగా గిరగిరా తిప్పకుండా ఉండలేడు. ఈ జబ్బు అతనికి పోయిన దీపావళి తర్వాత పట్టుకుంది. పని కోసం ఊరొదిలి వచ్చిన మాకు గోడాదరాలో గదులు పక్కపక్కనే. ఒకే పవర్‌లూం కార్ఖానాలో పని. నలభై ఏడేళ్ళ మనిషి బనీనుతో నల్లా దగ్గర నిలబడి బకెట్టు తిప్పుతుంటే, గుజరాతీ పాలవాడు సైకిలాపి చూసి "పాగల్ ఛే", పిచ్చోడే, అనుకుంటూ పోయేవాడు.

బకెట్టు తలకిందులైనా చుక్క రాలేది కాదు. ఆ పనితనానికి ఇప్పటికీ దండం పెడతాను. చాయ్ కెటిలు, పెరుగు డబ్బా, ఒకసారి మా ఆవిడ పప్పుచారు గిన్నె కూడా అతని చేతిలో గాల్లో తిరిగి క్షేమంగా ఇల్లు చేరినవే.

తిప్పి ఊరుకుంటాడా, వాడకట్టంతా వినబడేలా ప్రశ్నలొకటి.

"అన్నా, బకెట్టు బోర్లవడ్డా నీళ్ళెందుకు పడ్తలేవే?"

"నాకేం తెలుసురా."

"మీదికి పోతే చెయ్యి తేలిగ్గుంటది. కిందికొస్తే భుజం గుంజుతది. గదేంది మరి?"

"ఆస్పత్రిల చూపించుకో."

మా ఎదురు గది లలితమ్మ కూతురు జమున అప్పుడు పదకొండో తరగతి. దీపావళి ముందు పరీక్షలో ఫిజిక్సు తప్పి, చదువు మానేసి చీరలకు రాళ్ళు అతికించే పనికి పోతానని మంకుపట్టు పట్టి, నెలన్నరగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఈ ప్రశ్నలు వినీ వినీ విసుగెత్తి, ఒకరోజు గుమ్మంలోకి వచ్చింది.

"నీళ్ళు పడాలనే చూస్తయి బాబాయ్. జోరుగ తిప్పితే వాటి బరువంతా వాటిని మలుపు తిప్పుడుకే ఖర్చయితది. గందుకే బకెట్టు విడిచి పడవు."

"మెల్లగ తిప్పితే?"

"పడ్తయి."

సదానందం మెల్లగా తిప్పాడు. బకెట్టెడు నీళ్ళూ నెత్తిన పడ్డాయి. జమున పకపకా నవ్వింది.

"మరి కిందికొస్తే భుజమెందుకు గుంజుతది?"

"కింద నీ చెయ్యికి రెండు పనులు. బరువు మొయ్యాలె, మళ్ళ మీదికి మలపాలె."

మర్నాడు పొద్దున్నే, "మర్చిపోయిన బిడ్డా, మళ్ళ చెప్పవా" అని తయారు. ఆ పిల్ల సుద్దముక్కతో గోడ మీద బొమ్మ వేసి చెప్పింది. అలా నెల రోజులు. ఒకరోజు బకెట్టు సరిగ్గా కిందికొచ్చినప్పుడు పిడి ఊడి, సూటిగా దూసుకెళ్ళి ఇంటి ఓనరు స్కూటరుకు తగిలింది. ఓనరు తిడుతున్నాడు. జమున మాత్రం, "చూసినవా బాబాయ్, గుంజుడు ఎక్కువున్న కాడనే ఊడింది" అంటోంది. సదానందం తిట్లు వింటూ పెళ్ళికొడుకులా మురిసిపోతున్నాడు.

ఏడాది పరీక్షలో జమునకు ఫిజిక్సులో డెబ్బై రెండు మార్కులొచ్చాయి. రాళ్ళపని మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న బజారులో జమున వాళ్ళ సైన్సు మాస్టారు కలిశారు. "మీ సదానందం బాగున్నాడా? జమున ఏ పాఠం దగ్గర ఆగిపోయిందో అడిగి, మూడు ఆదివారాలు మా ఇంట్లో కూర్చున్నాడు. బకెట్టు తిప్పడం నేర్పింది నేనే" అన్నారు.

ఇంటికి రాగానే సదానందాన్ని నిలదీశాను.

"నువ్వే చెప్పొచ్చు కదరా ఆ పిల్లకు?"

"నేను చెప్తే ఇంటది అన్నా. తను చెప్తే వస్తది."

"అయితే ఆ లెక్కంతా నీకు నిజంగా అర్థమైందా?"

అతను ఎదురు గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మొదటి ఆదివారమే అయింది. జర ఆ పిల్లకు చెప్పకే. ఇంకా నాకు రాదనే అనుకుంటది."