ముప్పావు గజం

గురువారం. తెల్లవారుజాము నుంచి ముసురు. షట్టరు కింద చేరిన నీళ్లు తుడిచి, కింది అరలోని లైనింగు థాన్లు పైకి మార్చాను. గుండీల దుకాణమాయన గొడుగు ముడుస్తూ వచ్చి, "మన టైలరక్క పోయిందంట. తెల్లారగట్ల, నిద్రలనే," అన్నాడు. "అవునా" అన్నాను.

అక్క మన్సూరాబాద్‌లో ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని కుట్టేది. సొంతక్క కాదు. ఆమెది నల్గొండ వైపు, నాది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ సందులో నేను మ్యాచింగ్ సెంటర్ తెరిచిన వారానికే లేసుల కోసం వచ్చింది. నా బడి ఏడో తరగతితో ఆగింది. లెక్కలన్నీ పద్దులు రాస్తూ నేర్చుకున్నవే.

మూడోసారి వచ్చినప్పుడు నా రేట్లు విని నవ్వింది.

"ఏంది తమ్మీ, టోకుల గజం లెక్కన కొని, గదే రేటుకు మీటరు అమ్ముతున్నవ్? గజమంటె ముప్పైయారు అంగుళాలు. మీటరంటె ముప్పైతొమ్మిది మీద చిల్లర. గా మూడంగుళాలు మీ తాత పంపుతున్నడా?"

నా పొరపాటుతో లాభపడుతున్నది ఆమే. అయినా చెప్పింది. లేసు చుట్టే అట్ట వెనక, ఒకటి నుంచి పది మీటర్ల దాకా అంగుళాలు వేసి ఇచ్చింది. ఏ గుడ్డనైనా ముందు జానతో కొలిచేది, తర్వాత టేపుతో. రెండూ కలిస్తేనే కత్తెర పట్టేది. "గుంజి కొలవకు. గుంజిన లేసు ఇంటికి పోయి ముడుచుకుంటది. అప్పుడు నిన్ను యాద్జేస్తరు, మంచిగ కాదు," అనేది.

ఇదంతా నేర్పిన మనిషికే నేను తక్కువ కొలిచాను.

రెండేళ్ల కిందట, పెళ్లిళ్ల రోజులు. లెహంగాకు ఎనిమిది మీటర్ల బార్డరు అడిగింది. మీటరు కర్ర పక్కనే ఉంది. నేను గజం కర్రతో కొలిచి, మీటరు రేటు తీసుకున్నాను. ఆమె వీధివైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది, చూడదులే అనుకున్నాను. అంతకంటే మంచి కారణం చాలా రోజులు వెతికాను. దొరకలేదు.

మర్నాడు వచ్చింది. దుకాణంలో నలుగురు ఉన్నారు.

"తమ్మీ, బార్డరు తక్కువ వడ్డది. ముప్పావు గజం కోసియ్యి."

"ఎలా తగ్గిందక్కా?" అన్నాను. అలా అడగగలిగాను.

"ఏమో. నేనే లెక్క తప్పినట్టున్న."

ఎనిమిది మీటర్లకూ ఎనిమిది గజాలకూ తేడా ఇరవైయేడు అంగుళాలు. సరిగ్గా ముప్పావు గజం. ఎప్పుడూ మీటర్లలో అడిగే మనిషి ఆ రోజు గజంలో అడిగింది. తనకు తెలుసని నాకు ఒక్కడికే అర్థమయ్యేలా చెప్పింది. నేను కోసిచ్చి, దానికీ డబ్బు తీసుకున్నాను.

తర్వాత కూడా వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ చెప్పేయాలనుకుని, "ఇంకేం కావాలక్కా?" దగ్గర ఆగిపోయేవాణ్ణి.

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. అక్క ఇంటికి బయల్దేరబోతుంటే ఆమె కొడుకే బండి మీద వచ్చాడు.

"అన్నా, అమ్మ మీద కప్పనీకి తెల్లగుడ్డ కావాలె. ఐదు మీటర్లు."

దారిలో ఎల్బీ నగర్‌లో ఇన్ని దుకాణాలుండగా ఇంతదూరం ఎందుకొచ్చావని అడిగాను.

"అమ్మ వేరే ఏడికీ పోనియ్యకపోయేది అన్నా. గా తమ్మి కాడనే తేవాలె, కొలత తప్పడు అంటుండె."

మీటరు కర్ర తీసి గుడ్డ పరిచాను. ఐదు అయ్యాక అతను "చాలన్నా" అన్నాడు. ఇంకో మీటరు పరిచాను. "అన్నా, ఐదు దాటినయి." గుడ్డ బల్ల అంచు దిగి అతని కాళ్ల మీద కుప్పపడుతోంది. థాను ఇంకా దొర్లుతూనే ఉంది.