ఒక్క చెవి పని

ఈ ఉదయం ఆఫీసుకు కొత్త హెడ్‌సెట్ల పెట్టె వచ్చింది. టేపు చింపి మూత ఎత్తగానే కొత్త స్పాంజీ, రబ్బరు కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. మా ఆఫీసులో ఫోన్లు ఎత్తే పిల్లలకు ఆ వాసనంటే చిరాకు. నేను మాత్రం పెట్టెలో తల దూర్చి రెండుసార్లు గట్టిగా పీల్చుకున్నాను. మేడమ్‌కు ఇదేం పిచ్చి అని వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. అరవై హెడ్‌సెట్లు. బరువెంత ఉండాలి, చెవి మీద స్పాంజీ ఉండాలా తోలు ఉండాలా, తీగ ఎంత పొడుగుండాలి, అన్నీ నేను ఎంచినవే. ఈ ఒక్క విషయంలో మా పెద్దసారు కూడా నా మాటకు అడ్డు చెప్పరు. ఆ పెద్దరికం నాకు ఊరికే రాలేదు. టాటానగర్‌లో, బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్లో ఉండిన నూకరత్నం గారు, నా రత్నం పిన్ని, నాకు ఇచ్చి వెళ్లిన పెద్దరికం అది.

పిన్ని అంటే మా అమ్మకు తోడబుట్టింది కాదు. ఆవిడది ఇచ్ఛాపురం వైపు, మాది సోంపేట. మా ఊళ్లకు అంత దూరాన, టాటానగర్‌లో, అంత దగ్గరి ఊళ్లవాళ్లు కలిస్తే చుట్టరికం దానంతటదే వచ్చేస్తుంది. రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైంది. తల మీద హెడ్‌సెట్ పట్టీ నొక్కుకుని నొక్కుకుని జుట్టులో అడ్డంగా ఒక దారి పడిపోయింది. ఎంత నూనె రాసినా అక్కడ జుట్టు లేచేది కాదు. ఇంకొక అలవాటు కూడా ఎక్స్‌ఛేంజ్ నుంచే తెచ్చుకుంది. మనమేం చెప్పినా దాన్ని తిరిగి మనకే అప్పజెప్పి, ఆ తర్వాతే జవాబిచ్చేది. "అమ్మ రెండు కొబ్బరికాయలు అడిగింది పిన్నీ" అంటే, "'అమ్మ రెండు కొబ్బరికాయలు అడిగింది.' అంతే కదేటి? ఇంకేటైనా ఉందా?" అనేది. కబురు కబురులా ఉండాలి, మధ్యలో మన జాలీ మన కోపమూ కలపకూడదు అన్నది ఆవిడ సిద్ధాంతం. కూరగాయలవాడు దీనికి తల పట్టుకునేవాడు. చిన్నప్పుడు నేనూ వెనకనుంచి వెక్కిరించేదాన్ని.

నా సంగతి కూడా చెప్పాలి. పదేళ్లప్పుడు నాకు గవదబిళ్లలు వచ్చాయి. జ్వరం తగ్గింది, వాపు తగ్గింది, ఎడమ చెవి మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు ఇక రాదని చెప్పేశాడు. "బయట ఎవరికీ చెప్పకే తల్లీ, రేపు నీకే ఇబ్బంది" అంది అమ్మ. నేను చెప్పలేదు. క్లాసులో ఎప్పుడూ ఎడమవైపు గోడ పక్కన కూర్చునేదాన్ని. నలుగురం నడుస్తుంటే అందరికీ ఎడమవైపుకు చేరేదాన్ని, వాళ్ల మాటలు నా మంచి చెవికి పడేట్టు. ఎవరైనా అటుపక్కనుంచి పిలిస్తే పలకను గనక కాలనీలో నాకు పొగరుబోతు అని పేరు. చెవిటిది అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమని నేనూ ఆ పేరును జాగ్రత్తగా కాపాడుకున్నాను. డిగ్రీ పూర్తయిన ఏడు మా ఊళ్లోనే, బిష్టుపూర్‌లో, ఒక ఆఫీసు తెరిచారు, కస్టమర్ల ఫోన్లకు జవాబు చెప్పే పని. హిందీ, ఇంగ్లీషు, తెలుగు వచ్చినవాళ్లు కావాలని ప్రకటన. మూడూ నాకు వచ్చు. ఆ కాగితం కత్తిరించి అలమారలో బట్టల కింద దాచాను గానీ దరఖాస్తు పెట్టలేదు. ఫోన్ల ఆఫీసులో చెవిటిదానికి ఏం పని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన మూడు వందలతో సాక్చి బజారులో హెడ్‌ఫోన్లు కొన్నాను. అన్నయ్య వదిలేసిన పాత వాక్‌మన్ ఉండేది. చెవులు రెండూ మూసేసే నల్లటి బరువైన సెట్టు, చూడ్డానికి ఎంత గొప్పగా ఉందో! నా స్నేహితురాలు మంజు దగ్గరా, నా దగ్గరా ఒకే పాటల క్యాసెట్టు చెరొకటి ఉండేది. "రెండో పాట మొదట్లో ఆ వేణువు ఉంటుంది చూడు, ప్రాణం పోతుంది" అంది మంజు. నాకు వేణువే లేదు. డోలక్ వస్తుంది, పాడే ఆవిడ వస్తుంది, మధ్యలో ఏదో ఖాళీ. సెట్టు పాడైందని షాపుకు వెళ్లాను, మార్చి ఇచ్చాడు. అదీ అంతే. ఎడమ చెవి పనిచేయదని నాకు తెలుసు. కానీ పాటలో ఉన్నదంతా కుడి చెవికి కూడా వస్తుందనే అనుకున్నాను. పాటను రెండు ముక్కలు చేసి చెరో చెవికీ పంచుతారని నాకెవరు చెప్పారు? మూడోసారి షాపువాడితో పోట్లాడటానికి రత్నం పిన్నిని వెంటబెట్టుకెళ్లాను. ఫోన్లూ తీగలూ ఆవిడకు తెలిసినట్టు కాలనీలో ఎవరికీ తెలియవు.

షాపువాడు మమ్మల్ని చూడగానే ఒక డప్పుల పాట పెట్టి సౌండు పెంచాడు. పిన్ని చెయ్యెత్తింది. "ఆపు భాయ్. నీ పాటలో అన్ని సెట్లూ బాగుంటాయి" అని హిందీలో అని, సంచిలోంచి తన క్యాసెట్టు తీసింది. అందులో పాటే లేదు. ఇంట్లో చిన్న టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఆవిడే చదివిన స్టేషన్ల పేర్లు, వెనక కుక్కరు ఈల, కాసేపు ఏమీ లేకుండా నిశ్శబ్దం. కౌంటరు దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. "రోజూ వినే సద్దు పట్టుకెళ్లి చూసుకోవాలే అమ్మడూ. తెలీని పాటతో చెవిని మోసం చేసీడం ఎంతసేపు?" అని నాతో అంది. నేను పెట్టుకుని విన్నాను. పేర్లన్నీ స్పష్టంగా వినిపించాయి. బాగుందన్నాను. మళ్లీ నా క్యాసెట్టు పెడితే వేణువు లేదు. షాపువాడు సెట్టు లాక్కుని తను విని, "పీస్ బిల్కుల్ ఠీక్ హై మేడమ్, ఏ లోపమూ లేదు. వేణువు ఎడమవైపు గట్టిగా వస్తోంది" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నా ముఖం చూశారు.

పిన్ని కూడా చూసింది. సెట్టు తీసుకుని నా తలకు వెనక్కి తిప్పి పెట్టింది, ఎడమది కుడికి, కుడిది ఎడమకు. క్యాసెట్టు వెనక్కి తిప్పి పాట మొదలుపెట్టింది. వేణువు వచ్చింది. అన్నాళ్లూ లేని వేణువు, సన్నగా, ఎక్కడా తడబడకుండా. వెంటనే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి డోలక్ మాయమైంది. పిన్ని హెడ్‌ఫోన్లు నా తల మీదనుంచి తీసి, "సెట్టు మంచిదే భాయ్, పొరపాటు మాది" అని షాపువాడికి చెప్పి నన్ను బయటకు తీసుకొచ్చింది.

రోడ్డు పక్క నిప్పుల మీద పిండి ఉండలు కాల్చే లిట్టి బండి దగ్గర రెండు ప్లేట్లు చెప్పి, వచ్చి నాకు కుడివైపు నిలబడింది. "చెప్పు" అంది.

"కుఛ్ నహీ పిన్నీ" అన్నాను. ఏమీ లేదని తప్పించుకోవాలంటే మా ఈడువాళ్లకు హిందీయే వచ్చేది.

"అబద్ధమైనా తెలుగులో ఆడు."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పదకొండేళ్లుగా ఎవరితోనూ అనని మాట అన్నాను. నాకు ఎడమ చెవి వినపడదు.

ఆవిడ లిట్టి ముక్క తుంచి, "'నాకు ఎడమ చెవి వినపడదు.' అంతే కదేటి? ఇంకేటైనా ఉందా?" అంది.

అచ్చం కొబ్బరికాయల కబురు అప్పజెప్పినట్టే అంది. అయ్యో అనలేదు. నా తల నిమరలేదు. అన్నేళ్లు నేను దాచిన మాట ఆవిడ నోట్లోంచి తిరిగి వచ్చేసరికి నాలుగు పదాల కబురు, అంతే. ఇంకేమైనా ఉందా అంటే వెతుక్కున్నాను. ఏమీ లేదు. అలమారలో దాచిన ప్రకటన సంగతి మాత్రం చెప్పాను.

పిన్ని కాసేపు నమిలి అంది. "నాను ముప్పై ఏళ్లు చేసింది ఒక్క చెవి పనే. ఒక చెవికి తీగ, రెండోది గదికి. గది చెవితో ఏనాడూ ఒక్క కాల్ కలపలేదు. ఒక్క చెవితోటే ఈ లైను మీద రైలుబళ్లన్నిటి కబుర్లూ మోసేం. నువ్వు సగం మనిషివైతే నానూ సగమే కదేటి?"

ఆ సాయంత్రం ఆవిడ వరండాలో ఇద్దరం ఒకే హెడ్‌ఫోన్లతో కూర్చున్నాం. కుడి డొప్ప నా చెవికి, ఎడమ డొప్ప ఆవిడ చెవికి. "ఇప్పుడు వేణువు... ఆగింది... ఇప్పుడు రెండు వయొలిన్లు, ఒకటి కొంచెం వెనకబడతంది" అంటూ నాకు రాని సగాన్ని ఆవిడ చెబుతూనే ఉంది. క్యాసెట్టు రెండు వైపులా అయ్యేదాకా లేవలేదు. కాఫీ కూడా చల్లారిపోయింది.

మర్నాడు స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే అతని చేత చిన్న ప్లగ్గు ఒకటి చేయించింది. రెండు తీగల్లో వచ్చే పాటను కలిపి ఒక్కటిగా పంపే ప్లగ్గు. దాన్ని వాక్‌మన్‌కు తగిలిస్తే డోలక్, వేణువు, పాడే ఆవిడ ముగ్గురూ నా కుడి చెవిలోకి వచ్చి కూర్చున్నారు. ఇక ఆ బరువు సెట్టును మార్చుకు రమ్మని పట్టుబట్టింది. "కొట్టోడు ముందు ఎంతలో కావాలంటాడు. నువ్వు ముందు నీ చెవి సంగతి చెప్పు. తరవాత ఏటి వింటావో చెప్పు. ఎంతసేపు వింటావో చెప్పు. డబ్బు మాట ఆఖర్న. ముందే డబ్బు చెప్పీసేవంటే ఆ డబ్బుకి సరిపడే సెట్టు ఇత్తాడు, నీకు సరిపడేది ఇవ్వడు. నీకున్నది ఒక్కటే చెవి, దాన్ని మూసీసే సెట్టేటి? బాగ్‌బేరా రోడ్డు మీద లారీ వత్తే ఏ చెవితో ఇంటావు?" అంది. వెళ్లాను. షాపులో నలుగురి ముందూ నా చెవి సంగతే ముందు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. షాపువాడు పల్చటి స్పాంజీ ఉన్న తేలిక సెట్లు మూడు తీసి ముందు పెట్టాడు. నేను పిన్ని క్యాసెట్టు పెట్టి మూడూ విన్నాను. స్టేషన్ల పేర్లు ఏ శ్రమా లేకుండా వినిపించింది అన్నిటికన్నా చవకది. మిగిలిన డబ్బుతో ఆవిడకు ఖాళీ క్యాసెట్లు కొనుక్కెళ్లాను. గొప్పగా కనిపించే నల్ల సెట్టు పోయిందన్న బాధ ఒక్కరోజు ఉండింది, అబద్ధమెందుకు.

ఆ వారమే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకు బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గర, "చెవి మాట ఎత్తకే" అంది. లోపల ముగ్గురు కూర్చున్నారు. పేరు అడిగారు, చదువు అడిగారు, ఇంకేమైనా చెప్పాలా అన్నారు. అచ్చం పిన్ని ప్రశ్నే! కబురు కబురులా చెప్పాను, నాకు ఎడమ చెవి వినపడదు అని. మరి ఈ పని ఎలా చేస్తావమ్మా అని మధ్యలో కూర్చున్నాయన అడిగాడు. టేబులు మీద ఒక హెడ్‌సెట్ ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. "సార్, మీరిచ్చే హెడ్‌సెట్‌కు డొప్ప ఒక్కటే ఉంది. ఇది ఒక్క చెవి పని. ఆ చెవి నాకు బాగానే ఉంది, పరీక్ష పెట్టుకోండి" అన్నాను. ముగ్గురూ దాని వంక చూశారు. రోజూ చూసే వస్తువే, దానికి ఎన్ని డొప్పలున్నాయో అప్పుడే లెక్కపెట్టుకున్నట్టున్నారు. పరీక్ష పెట్టారు. గంటసేపు ఫోన్ మీద ఫోన్ ఇచ్చారు. విన్న ప్రతి మాటనూ అవతలి మనిషికి తిరిగి అప్పజెప్పి, అంతే కదండీ, ఇంకేమైనా ఉందా అని అడుగుతూ పోయాను. చిన్నప్పుడు వెక్కిరించిన అలవాటే నాకు అన్నం పెట్టింది.

పరుగున పిన్ని దగ్గరికే వెళ్లాను. ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరమన్నారు అన్నాను. "'ఉద్యోగం వచ్చింది. సోమవారం...'" అని మొదలుపెట్టి ఆవిడ ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఎన్ని చావు కబుర్లో, ఎన్ని పెళ్లి కబుర్లో ఒకే గొంతుతో అప్పజెప్పిన మనిషి, నా కబురు మాత్రం పూర్తి చేయలేకపోయింది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "లైను బాగులేదే అమ్మడూ, మళ్లీ చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. నా జీవితంలో నేను ఎక్కిన పెద్ద మెట్టు ఆ వరండా మెట్టే.

పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు హెడ్‌సెట్లు ఇచ్చేది నేనే. ఈ ఉదయం పదకొండుమంది వరసగా వచ్చారు. ఏ చెవికి అలవాటు, కళ్లజోడు ఉందా, రోజుకు ఎన్ని గంటలు, అన్నీ అడిగాను. బిర్సానగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి నేను మాట్లాడుతుంటే తల కొంచెం కుడివైపు తిప్పుతోంది. ఏ చెవికమ్మా అంటే ఏదైనా ఫర్వాలేదు మేడమ్ అంది. ఆ తల తిప్పడం నాకు తెలియనిదా? ఆ అమ్మాయికి ఎడమవైపు వెళ్లి నిలబడ్డాను. తక్కినవాళ్లు వెళ్లేదాకా ఆగి, నాకు ఎడమ చెవి వినపడదు అని ముందు నా కబురు చెప్పాను. ఆ పిల్ల, ఎవరూ లేరని తెలిసి కూడా, గొంతు తగ్గించి చెప్పింది.

"'నాకు కుడి చెవి వినపడదు.' అంతే కదమ్మా? ఇంకేమైనా ఉందా?" అన్నాను.

కాసేపు వెతుక్కుంది. "లేదు మేడమ్" అంది.

హెడ్‌సెట్ పట్టీ తిప్పి, డొప్ప ఎడమవైపుకు తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చాను.