ఖువ్వత్

రెండు నెత్తిన ఎక్స్ ఉంది, మొత్తం ముప్పై రెండుకు సమానం, ఎక్స్ ఎంత? ఐదు. అప్పుడూ ఐదే, ఇప్పుడూ ఐదే. అయినా ఆ లెక్క గుర్తొస్తే నాకు నోరు చేదవుతుంది.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోని మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలను రెండుగా విడగొట్టేవారు. కాంపోజిట్ లెక్కలు దొరికితే ఇంజనీరింగ్‌కు దారి ఉంటుంది, జనరల్ లెక్కల్లో పడితే ఆ ఆశ వదులుకోవాల్సిందే. నాకు ఇంజనీరింగే కావాలి. ఎవరు ఎటో, కోస్తా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి తేల్చేవాడు.

ఇంట్లో నాకు లెక్కలు చెప్పింది మా నాన్న, బాపు. ఆబిడ్స్‌లో ఒక దఫ్తర్‌లో గుమాస్తా. ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. "చూడు బిడ్డా, రెండుకు ఐదో ఖువ్వత్ ఇస్తే ముప్పై రెండైతది. కింది అంకెలు ఒక్కటైతే పైన ఖువ్వత్‌లు గూడ ఒక్కటే. గంతే, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఖువ్వత్ అంటే బలం. అంకెకు బలం ఇవ్వడం నాకెంత నచ్చిందో! బడి పుస్తకంలోని 'ఘాతాంకం' నా నోరు తిరిగేది కాదు.

నా వంతు వచ్చింది. ముప్పై రెండును రెండు నెత్తిన ఐదుగా మార్చి రాసి, "కింద రెండూ ఒక్కటే సార్. గందుకే ఖువ్వత్‌లు గూడ ఒక్కటే. ఎక్స్ ఐదు" అని గట్టిగా చదివాను.

"ఏవిటీ, ఖువ్వత్తా?" అన్నాడు మాస్టారు. "అది కావాలంటే హకీం దగ్గరికెళ్లి లేహ్యం తినమ్మా. ఎవరు నేర్పారీ భాష?"

క్లాసంతా ఘొల్లుమంది. ఛీ, నేనూ నవ్వాను. నవ్వి, "ఎవరో చెప్పిన్రు సార్" అన్నాను. ఎవరో! మాస్టారు నా జవాబు వైపు చూడనైనా చూడలేదు. డస్టర్‌తో తుడిచేసి, నన్ను జనరల్ జాబితాలో రాసుకున్నాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, మా ఊరి మాట మీద ఉన్న ఏవగింపంతా నా లెక్క మీద చూపాడు. అంత కుళ్లు మనసు పెట్టుకుని పిల్లలకు ఏం చదువు చెప్తారో!

సాయంత్రం బాపు గుమ్మంలోనే అడిగాడు. "ఏమైంది బిడ్డా? కాంపోజిట్ ఇచ్చిన్రా?"

"నువ్వు చెప్పిందే తప్పంట బాపూ. గందుకే జనరల్‌ల ఏసిన్రు."

"అట్లనా" అన్నాడు బాపు, వంగి చెప్పులు విప్పుకుంటూ.

మరుసటేడు చెల్లెలు లెక్కల నోటుబుక్కు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. "నాకు సరిగ్గ రాదు బిడ్డా, మీ సార్‌నే అడుగు" అన్నాడు. నేను పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను. తల ఎత్తలేదు.