తలెత్తకుండా కొట్టిన జవాబు

ఆ గదిని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది వెలుతురు. దేవరకొండ బస్టాండుకు దగ్గర్లో, ఎరువుల దుకాణం మీద కంప్యూటర్ సెంటర్ కోసం కిరాయికి తీసుకున్న ఒక పొడుగాటి గది. తొంభైల చివరి ఎండాకాలం. కంప్యూటర్ తెరల మీద ఎండ పడకుండా కిటికీ అద్దాలకు నీలం కాగితం అంటించారు. దాంతో మధ్యాహ్నం పూట గది మొత్తం నీళ్ల అడుగున ఉన్నట్టు ఉండేది. చెప్పులు బయట విప్పి, చల్లటి బండల మీద నడిచి వచ్చి మనుషులు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు. ఎందుకో అందరూ గుసగుసగానే మాట్లాడేవాళ్లు. ఫ్యాను తిరిగేది. కిటికీ మూలన కాగితం చిరిగిన చోట మాత్రం ఖిల్లా గుట్ట చిన్న ముక్కగా, తెల్లగా మండుతూ కనిపించేది.

బడిలో లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. బాబాలకూ, బాణామతి అనే చేతబడి నమ్మకానికీ వ్యతిరేకంగా ఊరూరా తిరిగి వాదించడం నేను నా పని అనుకున్నది. లెక్కలు వచ్చు కనుక ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాను. ఆ కంప్యూటర్ సెంటర్ నడిపే యువకుడు అడిగితే, ఆఫీసుల్లో టైపు చేసేవాళ్లకు పనికొచ్చే పాఠాలు, చివర ఒక పరీక్ష తయారుచేసి ఇచ్చాను. అంతా ఒక ఫ్లాపీలో పట్టేది. పరీక్షలో పది తెరలు. ప్రతి తెరలో జవాబు టైపు చేయడానికి ఒక తెల్లటి గడి, దాని పక్కన 'తర్వాత' అనే మీట. పదో తెర దాటితే మార్కులు. నాకు అది గొప్ప సమానత్వంలా తోచింది. కులం అడగని, మతం అడగని, ముఖం చూడని పంతులు అనుకున్నాను దాన్ని.

ఆ సెంటర్ యువకుడు మాత్రం ప్రతి మానిటర్‌కూ కుంకుమ బొట్టు పెట్టి, దర్గా నుంచి తెచ్చిన దారం కూడా కట్టాడు. నేను తిట్టినప్పుడల్లా నవ్వేవాడు. "మీరు పాఠాలు రాయుండ్రి సార్. మిషన్లను నేను జూసుకుంట."

మర్రిగూడ నుంచి రోజూ బస్సులో ఒకామె వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. ఒక ఆఫీసులో ఇరవై ఏళ్లుగా తాత్కాలిక టైపిస్టు. టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెడుతున్నారు. ఈ పరీక్ష పాసైనవాళ్లకే కుర్చీ, అవకాశం రెండుసార్లే అని ఆఫీసువాళ్లు చెప్పారు. ఆమె భర్తకు మర్రిగూడ ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయాయి. మంచం మీద నుంచి లేవడానికే మనిషి సాయం కావాలి. ఇల్లు నడిచేది ఆమె వేళ్ల మీద.

ఆ వేళ్లను చూడాలి. ఎడమవైపు కాగితం పెట్టుకుని, చూపు దాని మీద నిలిపి టైపు కొడుతుంటే తగరపు రేకుల మీద వాన మొదలైనట్టు ఉండేది. పక్కవాళ్లు తమ పని ఆపి వినేవాళ్లు. సాధన చేసిన రోజుల్లో ఆ సెంటర్ యువకుడు పక్కన నిలబడి, ప్రతి తెరలో తనే మౌసు పట్టి గడి మీద నొక్కిపెట్టేవాడు. ఆమె కొట్టేది. ఒక్క తప్పు ఉండేది కాదు.

పరీక్షలో ఎవరూ పక్కన ఉండకూడదు. మొదటిసారి ఆమె ఒక్క పేరా కొట్టి తలెత్తేసరికి తెర మీద పరీక్ష అయిపోయింది. మార్కులు సున్న. మూడు రోజుల తర్వాత రెండోసారీ అంతే. నేను వెళ్లేసరికి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ సున్ననే చూస్తూ కూర్చుంది.

"సార్, గీ అక్క కూసుంటే పేజీలు వాటంతట అవే తిరుగుతున్నయి," అన్నాడు సెంటర్ యువకుడు. "నా కండ్లతోటి జూసిన. మౌసు ముట్టనే లేదు."

"ఏంది, బాణామతా?"

"గది నాకెట్ల ఎరుక? జర ఒక నిమ్మకాయ కడితే పోయేదేముంది?"

నాకు మండింది. కానీ ఆ మంట ఎవరి మీదికి పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆమె వైపు తిరిగాను. "మిషన్‌కు నచ్చినోళ్లు, నచ్చనోళ్లు అని ఉండరమ్మా. మీరే మంచిగ చూస్తలేరు. మొదటి పాఠంలనే రాసిన కదా, ముందు గడి మీద మౌసుతోని నొక్కాలె అని."

ఆమె తల దించుకునే మాట్లాడింది. "టైపు నేర్చుకున్ననాడు తలెత్తితే మా సారు స్కేలుతోని చేతి ఏళ్ల మీద ఏసేటోడు. కాయితం మీదికెల్లి కన్ను తియ్యొద్దనేటోడు. ఇరవై ఏండ్లు గట్లనే కొట్టిన సార్. ఇప్పుడు ముందు తలెత్తాలె, ఆడ నొక్కాలె, మల్ల కొట్టాలె అంటే నా చేతులకు యాదికుంటలేదు."

"మరి తప్పు ఎవరిది?"

ఆమె అప్పుడు నన్ను చూసింది. "మీరు మా ఊరికి వచ్చిండ్రు సార్. మైకుల చెప్పిండ్రు. ఎముకలు వంగింది పాపం జేసి గాదు, కర్మ గాదు, నీళ్లల్ల జూడుమన్నరు. మా ఆయన మంచంల పండుకొని ఇన్నడు, ఏడ్చిండు. గీడ గూడ జర నీళ్లల్ల జూడుండ్రి."

ఎన్నో వేదికల మీద ఎంతోమంది నోళ్లు మూయించాను. ఈ మాట మాత్రం నాదే, నా దగ్గరికే తిరిగి వచ్చింది.

స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. మళ్లీ మొదటి నుంచి కొట్టమన్నాను. ఆమె చూపు కాగితం మీద, నా చూపు తెర మీద. మొదటి మాట కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. గడి తెల్లగా, నిద్రపోతున్నట్టు ఉంది. మాటకూ మాటకూ మధ్య జాగా కోసం ఆమె బొటనవేలు కీబోర్డు కింది వరసలోని పొడుగు మీటను, స్పేస్‌బార్‌ను, తాకింది. పేజీ తిరిగింది. రెండో మాట. బొటనవేలు. పేజీ తిరిగింది. కలలో ఎవరో పుస్తకం తిప్పుతున్నట్టు, తెర వెనక తెర మెల్లగా కదిలిపోయింది. పది మాటలకు పది తెరలు. ఆమె పదకొండో మాట కొడుతూనే ఉంది.

దయ్యం లేదు. తెర తయారుచేస్తున్నప్పుడు నేను ముందు 'తర్వాత' మీటను పెట్టి, ఆ తర్వాత గడిని పెట్టాను. ముందు పెట్టినదే ముందు మేలుకుంటుంది. తెర తెరుచుకోగానే కంప్యూటర్ చెవి ఆ మీట దగ్గర ఉంది, గడి దగ్గర కాదు. పొడుగు మీట తాకితే 'తర్వాత' నొక్కినట్టే. మౌసుతో గడిని తట్టి లేపేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. పద్ధతిగా, తల దించుకుని పనిచేసే మనిషి ఒక్కతే ఇందులో పడింది.

దిద్దడానికి పావుగంట పట్టలేదు. వరసలో గడిని మొదట పెట్టాను. తెర తెరుచుకోగానే గడి ఎడమ అంచున సన్నటి నల్లగీత దానంతట అదే మిణుకుమనసాగింది. ఉంది, లేదు, ఉంది. ఎవరైనా వస్తారని గడపలో నిలబడ్డట్టు.

"కొట్టమ్మా," అన్నాను. వాన కురిసింది. తెర నిండింది.

"సూసిండ్రా, నిమ్మకాయ తలుచుకుంటనే మంచిగైంది!" అన్నాడు సెంటర్ యువకుడు.

ఆమె నవ్వలేదు. "రెండు సున్నలు ఆఫీసుకు పోయినయి సార్. గవి ఎట్ల?"

దానికి ఒకటే దారి. కాగితం తీసుకుని ఆఫీసుకు ఉత్తరం రాశాను. టైపు చేసి పెట్టమని ఆమెకే ఇచ్చాను. మొదటి వాక్యం దగ్గరే ఆమె చేతులు ఆగాయి.

"'సాంకేతిక కారణాల వలన' అంటే ఎవలు సార్?"

"అంటే… పాఠంల తప్పు."

"పాఠం ఎవలు రాసిండ్రు?"

సెంటర్ యువకుడు గోడ వైపు తిరిగి దగ్గాడు. నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. వాదనలో ఓడిపోయినా ఒప్పుకోని మనిషిని నేను. చివరికి 'సాంకేతిక కారణాల' మాటను పెన్నుతో కొట్టేసి, 'ఈ పరీక్షను తయారుచేసిన నేను తప్పు చేశాను. ఈ టైపిస్టు తప్పు ఏమీ లేదు. ఆమెకు వచ్చిన రెండు సున్నలూ నావి' అని రాసిచ్చాను.

ఆమె కాగితాన్ని ఎడమవైపు సర్దుకుంది. మిణుకుమంటున్న గీత వైపు ఒక్కసారైనా చూడలేదు. చూడాల్సిన పని లేదిప్పుడు. కింద బస్సు హారన్ మోగింది, ఫ్యాను గాలికి కాగితం అంచు లేచి పడింది. నా తప్పు ఒక్కో అక్షరంగా ఆమె వేళ్ల కింది నుంచి వెళ్లి గడిలో నిలబడింది. ఎక్కడా తడబాటు లేదు.

వారం తర్వాత మూడోసారి పరీక్ష పెట్టించారు. ఆమె కుర్చీ ఆమెకే దక్కింది. కానీ నాకు ఎక్కువగా గుర్తుకొచ్చేది ఆ మధ్యాహ్నమే. ఆఖరి చుక్క పెట్టి, చేతులు ఒళ్లోకి తీసుకుని, తల దించుకునే ఆమె అడిగింది.

"పడ్డదా సార్?"

"పడ్డది. తలెత్తి జూడమ్మా."