పెంటవ్వ ఎత్తిన పాట

తొంభై ఎనిమిదిలో, వానలు పట్టిన రోజుల్లో, పద్మనగర్‌లో కండెలు చుట్టే పెంటవ్వ మగడు కనుకయ్య దగ్గి దగ్గి పోయాడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడే షెడ్డులో దూది ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు దవాఖానాలో. పెంటవ్వ ఏడవలేదు. దినాలు కాగానే అదే షెడ్డులో, అదే పీట మీద కూర్చుని కండెలు చుట్టసాగింది. అన్నం తిన్నదీ లేనిదీ ఆమెకే గుర్తుండేది కాదు.

షెడ్డు కిటికీలన్నిటికీ మేకులు కొట్టి ఉండేవి. గాలి తగిలితే నూలు ఆరి పోగు తెగుతుందని సేటు గాలయ్య భయం. ఊపిరాడటం లేదని పనివాళ్లు మొత్తుకుంటే, పని ఎగ్గొట్టే సాకులనుకున్నాడు. సేటుకు గుడ్డ మీదున్న ప్రేమ మనుషుల మీద లేదని వాళ్లనుకున్నారు. మాటలు పెరిగాయే గానీ మేకు కదల్లేదు.

బతుకమ్మ వచ్చింది. గల్లీలో సేట్ల ఆడవాళ్లూ పనివాళ్ల ఆడవాళ్లూ కలిసే ఆడతారు. పెంటవ్వ ఆటలో కలవక ఓ పక్కన అరుగు మీద కూర్చుంది. గాలయ్య తల్లి లక్ష్మవ్వ చూసింది.

"ఆడకుంటే మానె, గాడ కూసోనే పాట ఎత్తు బిడ్డా. నీ గొంతు నాకెర్కలేదా?"

పెంటవ్వ ఎత్తింది. కట్టుకుని వచ్చిన పాట కాదు, నోటికి వచ్చింది.

"తెగిన పోగుకేమో ఉయ్యాలో
ముడి వేస్తిరమ్మ ఉయ్యాలో
తెగిన ఊపిరికి ఉయ్యాలో
ముడి ఏదమ్మ ఉయ్యాలో"

ఎత్తిన మాటను అందరూ తిరిగి అనాలి. సేట్ల ఆడవాళ్లూ అన్నారు. లక్ష్మవ్వ చప్పట్లు కొట్టే చేతులు కిందికి దిగాయి.

మరునాడు లక్ష్మవ్వే షెడ్డుకు వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పెంటవ్వ పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత కొడుకును పిలిచింది.

"ఎండకాలం మన మగ్గం అర్రకు ఏం కట్టేటోళ్లం రా? నూలు ఆరకుండ తడి గోనె పట్టా. కిటికీలు తెరువు, గట్లనే కట్టు."

"ఎవరు తడుపుతరే అవ్వా, గడియగడియకు?"

"మేం తడుపుతం" అంది పెంటవ్వ.

గాలయ్య గొణుక్కుంటూనే రెండు కిటికీల మేకులు పీకించాడు. ఓ నాలుగు పోగులు ఎక్కువే తెగాయి. అయినా మళ్లీ మూయించలేదు.

"నీ పాటతోనే అయిందే పెంటవ్వా" అంది పక్క పీట మీద కండెలు చుట్టే మల్లవ్వ.

"అయిందా" అంది పెంటవ్వ. తడి గాలి మెడకు తగిలింది. అది వేరెవరి మెడో అన్నట్టుంది.

ఆ తర్వాత ఏటేటా ఆమెతోనే పాట ఎత్తించారు. నల్లా నీళ్లు రావట్లేదని పాట కట్టమంటే కట్టింది, పాయఖానా లేదని కట్టమంటే కట్టింది. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఆమె పాడుతూ, చీరకు అంటిన దూది పీచులు ఏరుకుంటూ కూర్చునేది.